సుత్తి మేస్త్రీ, చెక్కపొట్టూ

సుత్తి మేస్త్రికి ఆ పేరు రావడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది ఆయనే చెబుతాడు. రెండోది మిగతావాళ్ళు చెబుతారు.

ఆయన కరెంటు ప్లాంటులో బొగ్గు మిల్లుల మెకానిక్. తలకాయంత బొగ్గు పెళ్ళలు ఆ మిల్లుల్లో పడి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నలిగి, వేడిగాలితో కలిసి బాయిలరు కొలిమిలోకి ఎగిరిపోతాయి. మిల్లుకి ఒంట్లో ఎలా ఉందో చూడటానికి ఆయన నడుముకి ఒక చిన్న ఇత్తడి సుత్తి వేలాడుతూ ఉంటుంది. మిల్లు ఒంటిమీద దాంతో రెండు దెబ్బలు తట్టి, చెవి ఆనించి వింటాడు. ఇది ఆయన చెప్పే కారణం. ఇక రెండోది, ఆయన నోరు తెరిస్తే మూయడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు పొరపాటున "ఏం మేస్త్రీ, మిల్లు ఎలా ఉంది?" అన్నారో, అయిపోయినట్టే. టీ చల్లారిపోతుంది, తాగినవాడు లేవలేడు, లేచినవాడి భుజం మీద మేస్త్రి చెయ్యి ఉంటుంది.

వాళ్ళ నాన్న బొగ్గు పారతో ఎత్తిపోసిన మనిషి. అన్నయ్య బొగ్గు యార్డులో క్రేను నడిపి, జబ్బు చేసి పోయాడు. ఒకే ఆవరణలో రెండు వాటాల ఇల్లు వాళ్ళది. ఒక వాటాలో మేస్త్రి, ఆయన భార్య. రెండో వాటాలో వదిన. కూతురికి పెళ్ళి చేసి పంపేశాక వదిన ఒంటరిదే గానీ, పొయ్యి ఒకటే, భోజనం ఒకటే. మేస్త్రి భార్య పెద్దగా మాట్లాడదు. ఆవిడ మాట్లాడాల్సినవి కూడా ఆయనే మాట్లాడేస్తాడు కదా! వదిన మాత్రం ఒకటికి రెండు అంటించే రకం.

వదిన చాలా ఏళ్ళు ఒక ఫర్నిచరు కార్ఖానాలో పాలిష్ పనిచేసింది. గరుకు కాగితంతో మంచాల కోళ్ళనూ బీరువా తలుపులనూ రుద్ది రుద్ది ఆమె వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. తర్వాత జనం రెడీమేడ్ అట్టచెక్కల సామాను కొనుక్కోవడం మొదలుపెట్టారు, కార్ఖానాకి తాళం పడింది. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం ఆమెకి చేతకాని పని. ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటికీ పాలిష్ పట్టింది, మేస్త్రి వాటాలోవి కూడా. ఆఖరికి రోకలికి కూడా పట్టబోతుంటే మేస్త్రి భార్య లాక్కుంది.

ఒక సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు వదిన అంది, "సోమవారం నుంచి నేనూ మీ ప్లాంటుకే వస్తున్నా."

మేస్త్రి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మా ప్లాంటుకా? అక్కడ నీకేం పని?"

"చెక్క పని. కోత మిల్లుల్లో పొట్టు, వడ్రంగుల దగ్గర తరుగు, సరుకులొచ్చే చెక్కపెట్టెలు, రోడ్ల పక్కన కొట్టేసిన కొమ్మలు, అన్నీ లారీల్లో తెస్తారంట. మేకులూ రాళ్ళూ ఏరెయ్యాలి. రంగులేసిన చెక్క పక్కన పడెయ్యాలి, దాని పొగ మంచిది కాదంట. మిగతాది మిషన్లో వేసి తునకలు చేస్తే బొగ్గుతో కలిపి మండిస్తారంట. ఆడవాళ్ళం పదిమందిమి కుదిరాం."

ఈ సంగతి మేస్త్రికి తెలియంది కాదు. ప్లాంటులో అప్పటికే నెల రోజులుగా ఆయన దీనిమీదే యుద్ధం చేస్తున్నాడు. "అది బొగ్గు నమిలే మిల్లురా నాయనా! దానికి పుల్లలు పెడితే పళ్ళలో ఇరుక్కుంటాయి" అని చెప్పని మనిషి లేడు. వినీ వినీ విసుగెత్తి కొంతమంది ఆయన్ని చూస్తే టీ కొట్టుకి వెనక దారిన వెళ్ళడం మొదలుపెట్టారు కూడా. అలాంటిది, సొంత వదినే ఆ చెక్కల వైపు చేరింది.

"వదినా, నువ్వు వెళ్ళొద్దు."

"ఎందుకు వెళ్ళకూడదో ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పడం ఆయన వల్ల అయ్యే పని కాదు. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాట్లాడటం మానేశాడు.

మొదటిరోజు మేస్త్రి భార్యకి ప్రాణం హాయిగా ఉంది. కుళాయి చుక్కలు పడే చప్పుడు వినబడింది, పక్కింటివాళ్ళ రేడియో వినబడింది. రెండోరోజుకి గుబులు పుట్టింది. "ఏవండీ, ఒంట్లో బాగాలేదా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వారం గడిచేసరికి ఆవిడ వదిన దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "అక్కా, ఆయన మాట్లాడుతుంటే చెవులు నొప్పెడతాయి, నిజమే. కానీ ఇలా ఉంటే ఇల్లు ఇల్లులా లేదక్కా."

"ఊరుకో చెల్లీ. ఎన్నాళ్ళు బిగబట్టుకుంటాడు? పొట్ట పగిలిపోదూ?" అంది వదిన.

చెక్క యార్డు ప్లాంటు చివర, బొగ్గు కుప్పలు దాటాక ఉంది. పైన కప్పు లేదు, నాలుగు స్తంభాలకి కట్టిన టార్పాలిన్ మాత్రమే. లారీ వచ్చి కుమ్మరించగానే ఆడవాళ్ళు చేతులకి తొడుగులు, తలకి గుడ్డలు కట్టుకుని దాని చుట్టూ కూర్చునేవాళ్ళు. ఒక్కొక్క చెక్కా తిప్పి చూసి, మేకు ఉంటే పట్టకారుతో లాగి రేకు డబ్బాలో వేసేవాళ్ళు. ఆ తర్వాత చెక్కలు తునకలు చేసే మిషన్లో పడేవి. అది పనిచేస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు, అందుకని అందరూ కళ్ళతోనే మాట్లాడుకునేవాళ్ళు. కనురెప్పల మీద పసుప్పచ్చటి పొట్టు పేరుకునేది.

మేస్త్రి రోజూ ఆ పక్కనుంచే మిల్లులకి వెళ్ళాలి. మెడ బిగించుకుని, తిన్నగా ముందుకు చూస్తూ నడిచేవాడు.

"మరిదిగారూ! ఇటు కూడా ఒక చూపు పడేయండి, పన్నేమీ వెయ్యంలే!" అని కేకేసేది వదిన. ఆడవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఆయన చెవులు ఎర్రబడేవి గానీ మెడ తిరిగేది కాదు.

సాయంత్రం ఇంటిముందు కుళాయి దగ్గర ఒకరి తర్వాత ఒకరు చేతులూ కాళ్ళూ కడుక్కునేవారు. ఆయన కాళ్ళ కింద నీళ్ళు నల్లగా పారేవి, ఆమె కాళ్ళ కింద పసుప్పచ్చగా. కాలవలో కాస్త దూరం పోయాక రెండూ ఒకే బురద రంగు.

తునకల్ని బొగ్గు బెల్టు మీదే కలిపి మిల్లుల్లోకి పంపడం మొదలైంది. ఈ పని మొత్తం చూసుకునే ఇంజనీరు ఒక నడివయసు ఆవిడ. కంగారుపడదు, గొంతు పెంచదు. మిల్లు చప్పుడు మారిందని మేస్త్రి వచ్చి చెబితే శ్రద్ధగా విని, చెక్క పాలు కాస్త తగ్గించింది. మిల్లులు కుదుటపడ్డాయి. మేస్త్రికి అది కూడా నచ్చలేదు. కుదుటపడకూడదని ఆయన మనసులో ఎక్కడో ఉంది మరి.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒక పెద్ద గాలికి యార్డులో టార్పాలిన్ లేచిపోయి కుప్ప తడిసింది. తడిసిన చెక్కే మిల్లుకి వెళ్ళింది. లోపల తడి ఎక్కువైందని డ్యూటీలో ఉన్నవాళ్ళు వేడిగాలి పెంచారు. మిల్లు రోలర్లు చెక్కని పొడి చెయ్యలేదు, నలిపి నలిపి చాపలా పరిచాయి. ఆ చాప అడుగున వేడికి ఎండి, రాజుకుంది.

మధ్యాహ్నం మేస్త్రి మిల్లు పక్కగా వెళుతూ అలవాటుకొద్దీ సుత్తితో తట్టాడు. చప్పుడు బొంగురుగా వచ్చింది. ఇనుము ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత కాలింది. "పక్కకి పోండి!" అని అరిచి, గాలి కవాటం మూసే చక్రం పట్టుకుని తిప్పుతుండగా, మిల్లు పైనున్న రక్షణ మూత ఢామ్మని తెరుచుకుంది. ఒత్తిడి పెరిగితే తెరుచుకోవడానికే పెట్టిన మూత అది. దాంట్లోంచి ఎగిరిన పొట్టు గాలిలోనే భగ్గున ఒక్క రెప్పపాటు వెలిగి మాయమైంది. మేస్త్రి చక్రం వదల్లేదు. కవాటం మూసుకుంది, మంట లోపలే చచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన కుడి ముంజేయి మాత్రం మోచేతి దాకా కాలింది.

ఆ రోజే చెక్క కలపడం ఆపేశారు. యార్డు ఆడవాళ్ళని మళ్ళీ కబురు చేసేదాకా రావద్దన్నారు.

చేతికి కట్టుతో మేస్త్రి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. 'నేను చెప్పానా లేదా' అన్న మాటని ఆయన కొన్ని నెలలుగా నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎవరెవరి ముందు ఎలా అనాలో, ఎక్కడ ఆగి ఎక్కడ ఎత్తుకోవాలో కూడా అనుకుని ఉన్నాడు. వదిన పొట్టు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్ళు కట్టు మీద ఉన్నాయి.

"అనెయ్" అంది. "చెప్పానా లేదా అని ఒక్కసారి అనెయ్. నీకూ హాయి, నాకూ హాయి."

మేస్త్రి నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. "చెయ్యి మండుతోంది వదినా" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఇన్ని నెలల తర్వాత ఆయన ఇంట్లో మాట్లాడిన మొదటి మాట అది. మేస్త్రి భార్య వంటగదిలోంచి గరిటతో సహా వచ్చేసింది. వదిన కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే విసనకర్ర అందుకుని కట్టు మీద విసిరింది.

సెలవులో మేస్త్రి ఇంట్లో కూర్చుంటే ఆ రెప్పపాటు వెలుగే కళ్ళముందు ఆడేది. చాపలా నలిగిన చెక్కేమో ఏడుస్తూ పొగలు కక్కింది. మెత్తటి పొట్టు మాత్రం గాలిలో దూది వెలిగినట్టు వెలిగి, బూడిద కూడా మిగల్చకుండా పోయింది. ఒకే చెక్క, రెండు గుణాలు. ఆయనకి నిద్ర పట్టలేదు. కట్టు విప్పకముందే ఒక ఉదయం, "వదినా, మీ యార్డు చూపించు" అన్నాడు.

ఖాళీ యార్డులో ఇద్దరూ కుప్ప పక్కన కూర్చున్నారు. మేస్త్రి ఎడంచేత్తో సుత్తి తీసి ఒక చెక్కతునకని రాతిమీద పెట్టి కొట్టాడు. అది పగల్లేదు, అణిగి, పీచులు పీచులుగా విచ్చుకుంది. జేబులోంచి బొగ్గు పెళ్ళ తీసి కొట్టాడు. వందముక్కలైంది.

"అంతే" అన్నాడు. "బొగ్గు పగులుతుంది. చెక్క నలుగుతుంది. నలిగేదాన్ని పగలగొట్టే మిల్లులో వేశాం."

"మరి పొట్టు మంచిదేగా? కోత మిల్లు పొట్టు మెత్తగానే ఉంటుంది" అంది వదిన. గుప్పెడు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపింది. "ఇది పొడిగా ఉంది. ఇది చూడు, పైకి పొడిగా కనిపిస్తుంది గానీ లోపల తడి. గరుకు కాగితానికి అంటుకునేది ఇదే, మా కార్ఖానా మేస్త్రి దీన్ని చూస్తే తిట్టేవాడు."

"మీ మేస్త్రి సంగతి నాకెందుకు, ఈ మేస్త్రి సంగతి చూడు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

అక్కణ్ణుంచి తిన్నగా ఇంజనీరు గదికి వెళ్ళాడు. ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టి, చెప్పింది మొత్తం విని, గోడ పక్కన చుట్టి పెట్టిన పెద్ద కాగితం తెచ్చి బల్లమీద పరిచింది. అందులో చెక్కకి బొగ్గుతో పనిలేని వేరే దారి గీసి ఉంది. వేరే గిర్నీలో చెక్కని పొట్టు చెయ్యడం, వేరే గొట్టంలోంచి తిన్నగా కొలిమిలోకి ఊదడం.

"నేను మొదట అడిగింది ఇదే మేస్త్రిగారూ. ఖర్చెక్కువని పైవాళ్ళు బెల్టు మీదే కలపమన్నారు. ఇప్పుడు డబ్బు ఇస్తామంటున్నారు గానీ, మంట చూశాక దీని దగ్గరికి రావడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. మీరే వద్దంటున్నారని చెబుతున్నారు."

"నేను వద్దన్నది మిల్లులో కలపొద్దని."

"చెక్కే వద్దన్నారు. నా ఎదురుగానే అన్నారు."

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "అన్నాను మేడం. అందులో సగం వెనక్కి తీసుకుంటున్నా. ఆ గిర్నీ నాకివ్వండి."

గిర్నీ లారీ మీద వచ్చినరోజు ప్లాంటంతా పండగ చేసుకుంది. మూత తీస్తే లోపల ఇరుసుకి వరసలు వరసలుగా ఉక్కు సుత్తులు వేలాడుతున్నాయి. ఇరుసు తిరిగితే ఆ సుత్తులు లేచి చెక్కని చితక్కొడతాయి. "సుత్తి మేస్త్రికి సుత్తుల గిర్నీ! పెళ్ళిచూపులు అక్కర్లేదు, నేరుగా ముహూర్తం పెట్టెయ్యండి!" అని ఒకటే గోల. మేస్త్రి కూడా నవ్వాడు. తర్వాత ఒక్కొక్క సుత్తినీ విప్పి, తూచి, బరువులు సమానంగా ఉన్నవాటిని ఎదురెదురుగా బిగించుకున్నాడు.

ఇటు యార్డువాళ్ళకి మళ్ళీ రమ్మని కబురు రాగానే వదిన ఒక పేచీ పెట్టింది. యార్డుకి రేకుల కప్పు వేస్తేగానీ పని మొదలుపెట్టేది లేదని ఆడవాళ్ళందరినీ గేటు దగ్గర కూర్చోబెట్టింది. టార్పాలిన్ కొత్తది ఇస్తాం అన్నారు మేనేజరుగారు. "అయ్యా, మా మరిది చెయ్యి చూశారా మీరు?" అని మాత్రం అడిగింది. రేకులు వచ్చాయి.

మొదట్లో గిర్నీ చాలా ఏడిపించింది. గొట్టంలో పొట్టు గడ్డకట్టి ఆగిపోయేది. వంపు దగ్గర గొట్టాన్ని కోసి, మలుపు నిదానం చేశారు. అది సర్దుకుందనుకుంటుండగా ఒకరోజు గిర్నీలో ఫెడేల్మని చప్పుడైంది. మేస్త్రి ఆపి, మూత తీస్తే ఒక సుత్తి విరిగి ఉంది. అడుగున ఒక వంకర మేకు.

ఆ మేకు పట్టుకుని ఆయన యార్డులోకి వచ్చాడు. "వదినా! ఇదేంటి?"

"మేకు."

"మేకని నాకు తెలుసు! ఇది ఏం చేసిందో నీకు తెలుసా?" అని మొదలుపెట్టాడు. గిర్నీ ఇరుసు గురించి చెప్పాడు. సుత్తి బరువుల గురించి చెప్పాడు. ఉక్కులో రకాల గురించి, వాళ్ళ నాన్న పార గురించి, తను ఉద్యోగంలో చేరిన కొత్తలో బొగ్గులో వచ్చిన గునపం గురించి చెప్పాడు. లారీ ఒకటి వచ్చి ఖాళీ అయి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు టీ తాగి వచ్చారు. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. వదిన బుద్ధిమంతురాలిలా చేతులు కట్టుకుని వింటోంది. ఆఖరికి ఆయనకే అనుమానం వచ్చింది.

"నేను తిడుతుంటే నవ్వుతావేంటి?"

"నవ్వక! హమ్మయ్య, ఇన్నాళ్ళకి మళ్ళీ మునుపటిలా నోరు తెరిచావు. ఇంటికెళ్ళి ఇదంతా మళ్ళీ ఒకసారి చెప్పు, చెల్లెలు వినాలి."

తునకలు గిర్నీకి వెళ్ళే బెల్టు మీద, మేకుల్ని లాగేందుకు ఉన్న అయస్కాంతానికి తోడు రెండోది పెట్టారు. ఆ వంకర మేకుని వదిన సుత్తితో సాపు చేసి, తన వాటాలో గోడకి కొట్టి క్యాలెండరు తగిలించుకుంది.

చలికాలం వచ్చేసరికి పొట్టు ఆగకుండా కొలిమిలోకి వెళ్ళసాగింది. లెక్క చూస్తే ఇరవై పాళ్ళ బొగ్గుకి ఒక పాలు చెక్క. మేస్త్రికి అది విని ఉత్సాహం చప్పబడిపోయింది. "ఇంత గోలా ఈ ఒక్క పాలు కోసమా మేడం?"

"ఊరి చివర దిబ్బ చూశారా ఈమధ్య?" అంది ఇంజనీరు.

ఆదివారం పనిగట్టుకుని సైకిలు మీద వెళ్ళి చూశాడు. కోత మిల్లులవాళ్ళు పొట్టు కుమ్మరించి నిప్పంటించే దిబ్బ అది. ఏడాది పొడుగునా పొగ కక్కుతూ, ఆ పక్క వీధుల్లో పిల్లలకి దగ్గు తగ్గనిచ్చేది కాదు. ఇప్పుడు అక్కడ పొగ లేదు. నల్లటి నేల మీద గడ్డి మొలుస్తోంది, ఎవరో మేకల్ని తోలుకొచ్చారు. మేస్త్రి సైకిలు స్టాండు వేసి, గడ్డి మొలిచిన మేరంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. అప్పట్నుంచి టీ కొట్టు దగ్గర జనం "ఏం మేస్త్రీ, మన పొగగొట్టంలో పొగ తగ్గిందా?" అని అడిగితే, "కంటికి తెలిసేంత కాదు" అని నిజమే చెప్పేవాడు. ఆ తర్వాత దిబ్బ గురించి చెప్పేవాడు, అది మాత్రం టీ చల్లారేదాకా.

పక్క బాయిలరుకి కూడా ఇలాంటి గిర్నీయే తెప్పిస్తున్నారని తెలిసింది. యార్డులో ఇంకో జట్టు ఆడవాళ్ళని తీసుకున్నారు. పొడి పొట్టునీ తడి పొట్టునీ వేళ్ళతో పట్టి చూడటం వదిన వాళ్ళకి నేర్పుతోంది. అనుమానం వచ్చినప్పుడు తేమ చూసే మీటరు పెట్టి చూస్తారు. ఒక్కోసారి మీటరు గెలుస్తుంది, ఒక్కోసారి వదిన.

ఒకరోజు భోజనాల వేళ వదిన అడిగింది, "మేం ఇంత ఏరి పంపిస్తాం, అది ఎక్కడికి పోతుందో మాలో ఒక్కళ్ళూ చూడలేదు. లోపలికి రానిస్తారా?"

మేస్త్రి వెళ్ళి ఇంజనీరుని అడిగాడు. ఆవిడే అందరికీ టోపీలు ఇప్పించింది. యార్డు ఆడవాళ్ళంతా వరసగా ఇనుప మెట్లెక్కారు. జాలీ మెట్లలోంచి కింద నేల కనబడుతుంటే ఒకావిడ కళ్ళు మూసుకుని ముందున్నావిడ నడుం పట్టుకుంది. పైకి పోయేకొద్దీ వేడి, హోరు. కొలిమి గోడకి అరచేయంత చూపుకన్నం ఉంది. మేస్త్రి దాని మూత జరిపి, వదినని ముందుకి పిలిచి, వెలుగుకి కళ్ళు చెదరకుండా అడ్డం పెట్టుకునే నీలం అద్దం ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె అద్దం కంటికి అడ్డం పెట్టుకుని వంగింది. లోపల అగ్గి తప్ప ఇంకేమీ లేదు. పైకీ కిందకీ, కంటికి అందినంత మేర, సుడులు తిరుగుతున్న అగ్గి.

"ఏది మనది?" అని అరిచింది, హోరులో వినబడేలా.

"ఎడం పక్క చూడు! గొట్టం నోటి దగ్గర! చారలు చారలుగా వస్తున్నాయే, అది!"

"ఆ... కనబడింది! మరి ఆ తర్వాత?"

"తర్వాత కలిసిపోతుంది! ఇక ఏది ఎవరిదో నాకూ తెలీదు!"

వెనకనున్నవాళ్ళు తోసుకుంటున్నారు. వదిన అద్దం ఇచ్చి పక్కకి జరిగింది. ఒక్కొక్కరూ చూస్తున్నారు, చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెబుతున్నారు. మేస్త్రి కొలిమి గురించి మొదటినుంచీ చెప్పడం ఎత్తుకున్నాడు, హోరులో ఎవరికీ ఒక్క ముక్క వినబడటం లేదు. కింద లారీ హారన్ మోగింది. ఆడవాళ్ళు మెట్ల వైపు కదిలారు.

వదిన కదల్లేదు. అందరూ దిగడం మొదలుపెట్టాక మేస్త్రి వైపు చెయ్యి చాపింది.

"ఆ అద్దం ఇలా ఇవ్వు. లారీవాడు కాసేపు ఆగుతాడులే."

మేస్త్రి అద్దం ఇచ్చి, చూపుకన్నం మూత పట్టుకుని నిలబడ్డాడు.